మద్రాసు సాపర్ల మ్యూజియంలో ఒక పూట

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బెంగళూరు యాత్ర గురించి పది నిమిషాలు మాట్లాడమని నన్ను ఆదేశించారు. ముప్ఫై ఆరేళ్లు గుమస్తాగిరి చేసినవాడికి నోట్ పెట్టడం వచ్చు గాని మాట్లాడటం రాదు. అందుకని రాసుకొచ్చాను, చదువుతాను. డి.ఏ. సంగతి నా తర్వాత కార్యదర్శి గారు చెబుతారు గనుక మధ్యలో ఎవరూ లేచి వెళ్లరనే ధైర్యం నాకున్నది.

మనవాళ్లు ఏటా తిరుపతి, కాణిపాకం అంటారు. ఈసారి బెంగళూరు హలసూరు చెరువు దగ్గరున్న మద్రాసు సాపర్ల మ్యూజియం చూద్దామని అన్నప్పుడు, "మిలిటరీ వాళ్లతో మనకేం పని?" అని ఒకరిద్దరు అన్న మాట నిజం. చివరికి ముప్ఫై ఒక్క మందిమి బయలుదేరాము. మదనపల్లె వాళ్లం చింతామణి, హొసకోట మీదుగా వ్యానులో, పుంగనూరు వాళ్లు ముళబాగిలు, కోలారు మీదుగా, కుప్పం వాళ్లు దర్జాగా రైల్లో కంటోన్మెంటు స్టేషనుకు. అందరికంటే ముందు చేరినవాళ్లు కుప్పం వాళ్లే అని వారి శాఖ తరఫున రికార్డు చేయమన్నారు, చేశాను.

అది ఊరికే మ్యూజియం కాదు. మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ అనే సైనిక శిక్షణ కేంద్రం లోపల ఉన్నది. ఈ రోజుకూ కుర్రవాళ్లు అక్కడ రిక్రూట్లుగా చేరి సాపర్లుగా తయారవుతున్నారు. అందువల్ల ముందుగా ఉత్తరం రాసి, అందరి ఆధార్ నకళ్లు పంపి, అనుమతి తీసుకోవలసి వచ్చింది. గేటు దగ్గర సెల్‌ఫోన్లు తీసుకొని టోకెన్లు ఇచ్చారు. మనుమడి ఫోన్ వస్తుందని మా మిత్రుడొకరు కొంచెం గింజుకున్నారు గాని, గేటు దగ్గరి జవాను నవ్వుతూ చెయ్యి చాపి అలాగే ఉండేసరికి ఇచ్చేశారు.

లోపల నడుస్తుంటే ఒక చోట మమ్మల్ని ఆపారు. ఎదురుగా కుర్రవాళ్ల గుంపొకటి పరుగున వస్తున్నది. పద్దెనిమిది, ఇరవై ఏళ్లు ఉంటాయి. చెమటతో చొక్కాలు వీపుకు అతుక్కుపోయాయి. ఇద్దరిద్దరు కలిసి బరువైన దూలాలు భుజాన మోస్తున్నారు. మా కర్రలూ, చేతి సంచులూ పక్కకు తీసుకొని దారి ఇచ్చాము. వాళ్లు దాటిపోయాక చాలాసేపు మాలో ఎవరూ మాట్లాడలేదు.

మమ్మల్ని తిప్పి చూపిన హవల్దారు తెలుగు అబ్బాయి, పలమనేరు వైపువాడు. ఈ దళంలో సైనికుణ్ణి 'తంబి' అంటారట. తమిళుడైనా, మలయాళీ అయినా, కన్నడిగుడైనా, తెలుగువాడైనా తంబియే. "నేనూ తంబినే సార్, ఇంటికి పోతే మాత్రం చిన్నబ్బాయిని" అన్నాడు. కుప్పం వాళ్లు ఇది విని, తమకు ఈ మాట కొత్త కాదు పొమ్మన్నారు. మదనపల్లె నుంచి వచ్చామని చెప్పగానే, జనగణమనకు ఇంగ్లీషు అనువాదం 1919లో రవీంద్రులు మా ఊళ్లోనే చేశారని మావాళ్లు ఏకకంఠంతో అందుకున్నారు. ఎక్కడికి పోయినా ఆ మాట చెప్పకుండా రాలేం కదా.

ఇక అసలు విషయం. సాపర్ అంటే ఎవరు? కోట మీద దాడి చేసేటప్పుడు గోడ దాకా కందకాలు తవ్వుకుంటూ పోయేవాడు. 'సాప్' అంటే ఆ కందకం, ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. ఈ రోజుల్లో వంతెన వేయడం, మందుపాతర తీయడం, దారి చేయడం వీళ్ల పని. సైన్యం ముందుకు పోవాలంటే వీళ్లు అంతకంటే ముందు పోయి ఉండాలి. వీళ్ల నినాదం 'సర్వత్ర'. మన సైన్యంలో ఇటువంటి ఇంజనీరు దళాలు మూడున్నాయి. బెంగాల్ వాళ్లది రూర్కీలో, బొంబాయి వాళ్లది పూనా దగ్గర ఖడ్కీలో, మద్రాసు వాళ్లది బెంగళూరులో. మూడింటిలో మద్రాసుదే పాతది.

పుట్టిన తేదీ చూసి నేను ఆగిపోయాను. 1780 సెప్టెంబరు 30. అదే నెల 10వ తేదీన కంచి దగ్గర పొల్లిలూరులో హైదరాలీ, టిప్పు కలిసి కంపెనీ సైన్యాన్ని చిత్తుగా ఓడించారు. సరిగ్గా ఇరవై రోజులకే మద్రాసు పయొనీర్లని రెండు కంపెనీలు లేచాయి. ఆ హైదరాలీ 1782 డిసెంబరులో మన చిత్తూరు పక్కన నరసింగరాయనిపేటలో డేరాలో కన్నుమూశాడు. కాబట్టి ఇది ఎక్కడో దూరదేశపు చరిత్ర కాదు, మన పొలాల మీద నడిచిన చరిత్ర.

మరొకటి చెబుతాను. 1791 ఫిబ్రవరిలో కారన్‌వాలిస్ ఆంబూరు కనుమల వైపు వెళుతున్నట్టు టిప్పును నమ్మించి, ఉత్తరానికి తిరిగి మొగిలి కనుమ ఎక్కి పలమనేరు చేరాడు. అక్కడి నుంచి కోలారు, హొసకోట మీదుగా పోయి మార్చి 21న బెంగళూరు కోట పట్టుకున్నాడు. సర్వీసులో ఉన్నప్పుడు చిత్తూరు కలెక్టరేటుకు స్టేట్‌మెంట్లు చంకన పెట్టుకొని ఆ మొగిలి ఘాటు ఎన్నిసార్లు దిగామో! బస్సు గేరు మార్చేటప్పుడల్లా గుండె జారేది. ఆ ఎత్తు మీదికి ఎద్దులతో, ఏనుగులతో ఫిరంగులు లాగించారంటే, ముందు దారి సాపు చేసిన చేతులు ఎవరివి? ఆ చేతుల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. కారన్‌వాలిస్ పేరు మాత్రం ఉన్నది.

అక్కడ అందరూ గుమిగూడిన వస్తువు 'బెంగళూరు టార్పెడో'. పేరు విని పడవలను ముంచేదనుకున్నాము, కాదు. 1912లో మద్రాసు సాపర్లలో పనిచేసే మక్లింటాక్ అనే కెప్టెను బెంగళూరులోనే కనిపెట్టాడు. మన బోరుబావికి పైపు మీద పైపు దించుతాము చూడండి, అదే పద్ధతి. ఐదడుగుల గొట్టాల్లో మందు కూరి, ఒకదానికొకటి తగిలిస్తూ, తాను చాటున ఉండి ముళ్లకంచె కిందికి తోస్తూ పోతాడు. పేల్చితే కంచె తెగి దారి పడుతుంది. 1944 జూన్ 6న ఫ్రాన్సులో నార్మండీ తీరం మీద దిగిన సైనికులు దీనితోనే కంచెలు తెంచుకున్నారు. మా పుంగనూరు మిత్రులు, బోర్లు వేయించి వేయించి చేతులు కాల్చుకున్నవారు, "నీళ్లు పడే గొట్టం కూడా ఎవరైనా కనిపెడితే బాగుండు" అన్నారు. హవల్దారు కూడా నవ్వాడు.

పాత టోపీల నమూనాలు, పతకాలు, యూనిఫారాలు త్వరత్వరగా చూశాము. వీళ్ల ఎత్తైన టోపీకి 'దుప్టా' అని పేరు. కొందరికి అప్పటికే కాళ్లు లాగుతున్నాయి, కొందరికి బాత్‌రూము అత్యవసరమైంది. నేను మాత్రం సుబేదారు సుబ్రమణ్యన్ గారి కథ దగ్గర నిలబడిపోయాను. ఆయనది చెంగల్పట్టు జిల్లా. 1944 ఫిబ్రవరి 24న ఇటలీలో మిన్యానో దగ్గర మందుపాతరలు తీస్తుండగా, ముందు నడుస్తున్న లాన్స్ నాయక్ కాలు ఒక పాతర మీద పడింది. అది పేలడానికి మధ్య రెండు మూడు సెకన్లు ఉంటుంది. ఆ వ్యవధిలో సుబేదారు ఆ కుర్రవాణ్ణి పక్కకు నెట్టి తాను దాని మీద పడుకున్నాడు. ఆయన పోయాడు, మిగిలినవాళ్లు బతికారు. మరణానంతరం జార్జి క్రాస్ ఇచ్చారు.

ఆ పక్కన ఒక పాత గ్రూపు ఫొటో. మూడు వరసల మనుషులు, కింద సన్నని అక్షరాలతో పేర్లు. అలవాటు కొద్దీ కళ్లజోడు సర్దుకొని పేర్లు చదవడం మొదలుపెట్టాను. చాలా పేర్ల చివర 'అన్' ఉన్నది. అప్పుడు నాకొక ఫైలు జ్ఞాపకం వచ్చింది. ఇంతవరకు ఇంట్లో కూడా చెప్పలేదు. ఇక్కడ చెబుతాను.

1985వ సంవత్సరం. అప్పుడు నేను ఏ ఆఫీసులో ఉన్నానో అనవసరం, ఎందుకంటే తప్పు ఆఫీసుది కాదు, నాది. కుప్పం వైపు పల్లె నుంచి ఒక ఆమె వచ్చేది. భర్త రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సాపరుగా చేరి, ఇరవై ఏళ్లు పైగా పనిచేసి, పెన్షను తీసుకుంటూ పోయాడు. ఆమెకు ఫ్యామిలీ పెన్షను రావాలి. ఊళ్లో అతని పేరు చివర 'అప్ప'. సైన్యం డిశ్చార్జి పుస్తకంలో 'అప్పన్'. అప్పట్లో మన జిల్లా మద్రాసు రాజధానిలోదే, ఆంధ్ర రాష్ట్రం 1953లో గాని రాలేదు. పేరు రాసుకున్న గుమస్తా అరవం వినికిడి కలవాడై ఉంటాడు, అలా రాసి ఉంటాడు. ఇద్దరూ ఒకరే అన్న సర్టిఫికెట్ మా దగ్గర పుట్టాలి. నేను నోట్ పెట్టాను. "పేరులో వ్యత్యాసమున్నందున తగు ఆధారములు సమర్పించవలెను."

నోట్‌లో తప్పు లేదు. రూలు ప్రకారమే ఉన్నది. కాని ఆధారం ఎవరిస్తారు? 1984లో కరణాలు, మునసబుల ఉద్యోగాలు రద్దయ్యాయి. ఆ కుటుంబాన్ని ఎరిగిన కరణం ఇంట్లో కూర్చున్నాడు, అతని సంతకానికి విలువ లేదు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, ఫైళ్లు కట్టలు కట్టలుగా చేతులు మారాయి. ఆమె వచ్చినప్పుడల్లా నేను ఈ కారణాలన్నీ మర్యాదగానే చెప్పేవాణ్ణి. "ఇద్దురు కాదు సామీ, ఆయప్ప ఒకడే" అనేది. అంతకంటే ఆమెకు వేరే వాదన లేదు. నిజానికి అంతకంటే మంచి ఆధారమూ లేదు. ఆ ఊరికి పోయి నలుగురిని అడిగితే ఒక పూటలో తేలే విషయం. నేను పోలేదు. పధ్నాలుగు నెలలు పట్టింది.

చివరికి వచ్చింది. పెన్షను చేతికందిన నెల ఆమె ఒక సంచి నిండా పచ్చి వేరుశనక్కాయలు తెచ్చి నా బల్ల పక్కన పెట్టి, దండం పెట్టింది. నేను తీసుకున్నాను. ఉడకబెట్టుకొని తిన్నాము. ఆ మధ్య ఆమె రెండు పాడి మేకల్ని అమ్ముకున్నదని ఆ ఊరి మనిషి చెప్పగా చాన్నాళ్లకు తెలిసింది.

ఫొటోలో ఆ పేరు ఉన్నదా అని మూడు వరసలూ వెతికాను. లేదు. ఉండాలని కూడా లేదు. హవల్దారు అబ్బాయిని పిలిచి, ఇప్పుడు పేర్లు ఎలా రాస్తారని అడిగాను. "ఆధార్ చూసి కంప్యూటర్‌లో ఎక్కిస్తారు సార్. అయినా తప్పులు పడుతూనే ఉంటాయి. మా నాయన పేరు నా కాగితాల్లో ఒక రకం, ఆయన పట్టాదారు పుస్తకంలో ఇంకో రకం" అన్నాడు. ఇప్పుడే సరిచేసుకో నాయనా అని చేయి పట్టుకొని చెప్పాను. ఈ ముసలాయన కళ్లలో నీళ్లెందుకో అతనికి అర్థమై ఉండదు.

బయటికి వచ్చేసరికి మళ్లీ డ్రిల్లు కేకలు వినిపిస్తున్నాయి. వ్యాను ఎక్కాక మా కురబలకోట మిత్రుడు లాన్స్ నాయక్ సాయితేజ సంగతి ఎత్తారు. వారి మండలంలోని ఎగువరేగడ బిడ్డ. సాపరు కాదు, పారా దళం. 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర జనరల్ బిపిన్ రావత్ గారితో పాటు హెలికాప్టరు ప్రమాదంలో పోయినవారిలో ఒకడు. గుర్తింపు పరీక్షలయ్యాక ఆ అబ్బాయిని బెంగళూరు నుంచి రోడ్డు మీదుగానే సొంతూరికి తెచ్చారు. ఆ రోజు దారి పొడుగునా నిలబడిన జనంలో తానూ ఉన్నానని ఆయన అన్నారు. చింతామణి దాటేవరకు వ్యానులో పాటలు పెట్టమని ఎవరూ అడగలేదు.

ఒక మనవి చేసి ముగిస్తాను. ఇక్కడున్న వారి ఇళ్లలోనో, ఇరుగుపొరుగులోనో మాజీ సైనికుల కుటుంబాలుంటాయి. వారి పెన్షన్లు ఇప్పుడు 'స్పర్శ్' అనే కంప్యూటర్ విధానంలోకి మారాయి. ట్రంకుపెట్టె అడుగున ఉన్న డిశ్చార్జి పుస్తకం తీయించండి. అందులో భర్త పేరు, భార్య పేరు, పుట్టిన తేదీ ఎలా ఉన్నాయో, ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో ఎలా ఉన్నాయో పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. తేడా ఉంటే మనిషి బతికి ఉండగానే దరఖాస్తు పెట్టించాలి. ప్రతి శనివారం ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా నేను మన సంఘం గదిలో ఉంటాను. అర్జీ నేనే రాసిపెడతాను. నడవలేనివారైతే చీటీ పంపితే చాలు, ఊరికి నేనే వస్తాను.

రెండో విడత యాత్రకు పేర్లు కార్యదర్శి గారికి ఇవ్వండి. ఆధార్ నకలు తప్పనిసరి. షుగర్ ఉన్నవారు జేబులో బిస్కెట్లు పెట్టుకోండి, లోపల నడక ఎక్కువ. సెలవు.