తుక్కు కాకుండా మిగిలినవి



ఈరోజు పట్టాలు అందుకుంటున్న మీలో కొందరు రేపోమాపో కాలిఫోర్నియా విమానం ఎక్కుతారు. అక్కడ మౌంటెన్ వ్యూలో కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం ఉంది. ఏదో ఒక సెలవు రోజున వెళ్లి చూడండి.

దాని కథ పాత ఇనుప సామాన్ల దగ్గరే మొదలైంది. ఎం.ఐ.టి.లో తయారైన వర్ల్‌విండ్ కంప్యూటర్ 1970ల మొదట్లో తుక్కుకు పోబోతుంటే కెన్ ఓల్సెన్, రాబర్ట్ ఎవరెట్ అడ్డుపడి దక్కించుకున్నారు. ఓల్సెన్ గారి డిజిటల్ కంపెనీ ఆవరణలోనే, గోర్డన్ బెల్, గ్వెన్ బెల్ దంపతుల చొరవతో, 1979లో మ్యూజియం వెలిసింది. 1984లో బోస్టన్‌కు మారింది. 1990లలో సామాను పడమటి తీరానికి చేరి మొఫెట్ ఫీల్డ్‌లో తలదాచుకుంది. 2002లో, ఒకప్పుడు సిలికాన్ గ్రాఫిక్స్ వాళ్లు వాడిన భవనాన్ని కొన్నాక గానీ సొంత గూడు అమరలేదు. ఆ భవనం నంబరు 1401. లోపల పనిచేస్తున్న ఐబీఎం యంత్రం పేరూ 1401!

2011లో కోటీ 90 లక్షల డాలర్లతో ముస్తాబు చేసి, 25,000 చదరపు అడుగుల ప్రదర్శనలో 1,100 వస్తువులు పెట్టారు. అయినా అది సేకరణలో కొద్ది భాగమే. మిగతాదంతా గోదాముల్లో ఉంటుంది. మ్యూజియం విస్తరణ అంటే మనకు కొత్త హాళ్లూ అద్దాల బీరువాలూ గుర్తొస్తాయి. నన్నడిగితే ముందు పెంచాల్సింది మరమ్మతు గది.

ఎందుకంటారా? 1959లో ఐబీఎం ప్రకటించిన ఆ 1401ని జర్మనీ నుంచి తెచ్చి, విశ్రాంత ఇంజనీర్లు ఏళ్ల తరబడి జీతం లేకుండా కూర్చుని బాగుచేశారు. కార్డులు చదువుతుంది, ప్రింటరు చెవులు హోరెత్తిస్తుంది. ఏ శబ్దం వస్తే ఏది చెడిందో వాళ్ల చెవులకు తెలుసు. మాన్యువల్‌లో అంతా ఉండదు. అందుకే ఆ మ్యూజియం యంత్రాలతోపాటు మనుషుల మాటలనూ రికార్డు చేసి దాస్తుంది. అలాంటి మనుషులను సత్కరిస్తుంది కూడా: చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారిని 2021లో ఫెలోగా గౌరవించింది.

సాఫ్ట్‌వేర్ సంగతి వేరు. మ్యాక్‌పెయింట్ సోర్స్ కోడ్ 2010లో, ఫోటోషాప్ తొలి వెర్షన్‌ది 2013లో ఆ మ్యూజియం ద్వారా బయటికొచ్చాయంటే, వాటికి కావలసింది చోటు కాదు, కంపెనీల అనుమతి. మీరు రేపు రాసే కోడ్‌కూ ఆ అనుమతి ఎవరో ఒకరు అడగాల్సిందే. ఆ అడిగేది మీరే అయితే సంతోషం.

ఉపకులపతి గారికి ఒక విన్నపం. ఈసారి పాత సామాన్ల వేలం పెట్టేముందు కంప్యూటర్ విభాగం స్టోరు గది తాళం ఈ పిల్లల చేతికి ఒక్క వారం ఇవ్వండి.