సముద్రము నుండి సముద్రమునకు

సముద్రపుటొడ్డున పుట్టి పెరిగినవారికి నీటిని గూర్చి కొంత నిర్లక్ష్యముండుట సహజము. ఎల్లకాలము కంటికెదురుగా కనుపించుచుండునది ఎక్కడికి పోవునని వారి ధీమా. మేమును అట్టివారమే. నెల్లూరు, గూడూరు ప్రాంతములవారము ముప్పదిమందిమి కూడి, సంక్రాంతి వెళ్ళిన వారములో ఒక బస్సు మాట్లాడుకొని, పులికాటు సరస్సు మొదలు కుప్పము వరకు నాలుగు దినములు ప్రయాణము చేసితిమి. ఆ ప్రయాణములో చూచిన ప్రతి గుడిని, ప్రతి గుట్టను వరుసగా వర్ణించుట మా ఉద్దేశము కాదు. మాకు పదే పదే జ్ఞప్తికి వచ్చుచున్నవానిని మాత్రమే చెప్పుదుము.

మాకు దారి చూపుటకు వచ్చినవారు కుప్పము ప్రాంతమువారు. చిత్తూరు సీమ బడులలో ముప్పదియేండ్లు భూగోళము బోధించి విశ్రాంతి పొందినారు. ఆ సీమలో ఉపాధ్యాయుని ‘అయివారు’ అందురు. రెండవనాటికి మేమును అట్లే పిలుచుట నేర్చుకొంటిమి. ఆయన ప్రతిఫలమేమియు కోరలేదు. ఒక్క షరతు మాత్రము పెట్టిరి: నాలుగవ దినము కుప్పములో గడపవలెను, దానిని మాత్రము మార్చరాదు. మేము ఆలోచింపకయే సరేయంటిమి.

బస్సు కదలగానే అయివారు లేచి నిలువబడి, “మన దోవలో నాలుగు సముద్రాలు వస్తాయి. ఎంచుకుంటా రండి” అనిరి. మేము నవ్వితిమి. బంగాళాఖాతము ఒకటి, తక్కిన మూడును ఎక్కడివి? మాతో వచ్చిన పిల్లలు మాత్రము ఆ మాటను గట్టిగా పట్టుకొనిరి.

సూళ్ళూరుపేట నుండి శ్రీహరికోటకు పోవు బాట పులికాటు సరస్సునకు అడ్డముగా వేసినది. ఒరిస్సాలోని చిల్కా తరువాత మన దేశమున అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదియే. బాటకు రెండు వైపుల నీరు. ఆ నీటిలో దూరముగా తెలుపు, గులాబి రంగులు కలిసిన గీత యొకటి. అది గీత కాదు, వేలకొలది ఫ్లెమింగో పక్షులు. తల క్రిందు చేసి, ముక్కు నీటిలో ముంచి, బురదను వడగట్టి మేయుచున్నవి. వేసవి వచ్చునప్పటికి ఈ నీరు చాల మేర వెనుకకు తీసి, అడుగు తెల్లని ఉప్పుబీడుగా మిగులును. సరస్సుకావల శ్రీహరికోట. అక్కడినుండి తొలి రాకెట్టు 1971 అక్టోబరు 9న ఎగసినది. చంద్రునిపై నీటిజాడలను పట్టియిచ్చిన చంద్రయానము 2008లో బయలుదేరినదియు అక్కడినుండియే. ఆ సంగతి మాలో ఒకరు సగర్వముగా చెప్పగా అయివారు, “అవును సామీ, మీరు చంద్రుడి మీద నీళ్ళు కనిపెట్టినారు. మేమింకా మా మండలంలోనే వెతుక్కుంటా ఉండాము” అనిరి. ఆయన హాస్యము అట్టిది. నవ్విన తరువాత కొంచెము గుచ్చుకొనును.

ఆ పూట గాలికి బస్సు అద్దములన్నియు ఉప్పుపొర కట్టినవి. సూళ్ళూరుపేటకు తిరిగి రాగానే మా డ్రైవరు ఒక బోరింగు వద్ద నిలిపి, బకెట్టు తరువాత బకెట్టు కుమ్మరించి బస్సును పెండ్లికూతురివలె కడిగినాడు. అప్పుడు మేమెవరమును దానిని గమనింపలేదు.

సాయంకాలము నేలపట్టు పోతిమి. 1976లో పక్షుల రక్షితకేంద్రముగా ప్రకటింపబడిన ఈ నేలపట్టు నిజమునకు ఒక ఊరి చెరువు. నీటిలో మునిగి నిలిచిన చెట్ల కొమ్మలపై గూడబాతులు, నత్తగుల్లకొంగలు గూళ్ళు కట్టుకొనును. ఆ చెట్లపైనుండి పడు రెట్ట చెరువునీటిలో కలిసి, ఆ నీరు తూముగుండ పొలములకు పారును; అందువలన పైరు బలముగా పండునని ఊరివారి నమ్మకము. పక్షులను వారు కాపాడుచు వచ్చుటకు ఇదియు ఒక కారణము. అయివారు పక్షులను చూడలేదు. కట్టపై నడచి, తూమును చూచి, నీరు మిక్కిలియైనప్పుడు పొరలిపోవు చోటును చూచి, “దీన్ని మీరేమంటారు?” అని అడిగిరి. కలుజు అంటిమి. “మేము మొరవ అంటాము. మా పక్క మొరవ పోయిందంటే ఊరూరా పండగ” అనిరి.

మరునాడు శ్రీకాళహస్తి మీదుగా తిరుపతి దాటితిమి. తిరుపతిని గూర్చి శ్రోతలకు మేము క్రొత్తగా చెప్పవలసినది లేదు. కాని తిరుపతి దాటి భాకరాపేట కనుమ ఎక్కునప్పుడు దేశము మారుట కన్నులార చూడవలెను. కొబ్బరిచెట్లు, వరిమళ్ళు వెనుకకు పోయినవి. ఎఱ్ఱనేల, గుండురాళ్ళ గుట్టలు, వేరుసెనగ కోసిన బీడులు, సీతాఫలపు పొదలు ముందుకు వచ్చినవి. రాయిపై రాయి పేర్చినట్లున్న ఆ గుట్టలను మొదట చూచినప్పుడు ఇవి ఏల ఇట్లున్నవని విసుగు పుట్టును. రెండు గంటలు చూచిన తరువాత కన్ను అలవాటుపడి, ఆ రాళ్ళలోనే వేయి రంగులు కనుగొనును. పీలేరు వచ్చునప్పటికి గాలిలోని జిగట పోయి, ఒంటికి హాయి తోచినది.

మదనపల్లె సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైని ఉన్నది. ఇచటి పొడిగాలిని నమ్మియే గత శతాబ్దపు తొలి దశకములలో సమీపమున ఆరోగ్యవరము క్షయరోగుల ఆస్పత్రి వెలసినది. బి.సి.జి. టీకాను మన దేశమున మొదట 1948లో వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. పైరును ఎండగట్టు గాలియే మనుష్యుని ఊపిరితిత్తులకు ఔషధమగుట చిత్రము గదా! జిడ్డు కృష్ణమూర్తి 1895లో జన్మించినది ఈ ఊరనే. బిసెంటు దివ్యజ్ఞాన కళాశాలకు 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు వచ్చి కొన్ని దినములుండి, ‘జనగణమన’ను ఆంగ్లమునకు అనువదించిరి. ప్రిన్సిపాలు జేమ్సు కజిన్సు భార్య మార్గరెటు ఆ గీతపు స్వరమును పాశ్చాత్య పద్ధతిలో వ్రాసి ఉంచినది. ఆ కళాశాల చెట్లక్రింద మేము కొంతసేపు మాటలాడక నిలిచితిమి. బడిలో ప్రతిదినము పాడిన పాట ఒక ఊరి చల్లగాలిలో పరభాషలోనికి తిరుగుట ఊహించుకొనుచు.

మదనపల్లెకు మరియొక ముఖమున్నది. దేశములోని పెద్ద టమాటా సంతలలో ఇది ఒకటి. 2023 జూలైలో కిలో నూరు రూపాయలు దాటి పలికిన అదే కాయను, ధర పడిన ఏండ్లలో కోతకూలి గిట్టక రైతులు బాటప్రక్క పోసి పోయినారు. మేము వెళ్ళిననాడు ధర మందముగా నుండెను. గంపలపై కూర్చున్న రైతు నొకని పంట యెట్లున్నదని అడిగితిమి. “పంట బాగుండాది, అదే కష్టం” అనెను. అందరి పంట బాగున్ననాడు ఎవరి పంటకును వెల యుండదు.

ఊరి కొసను నీరుగట్టువారిపల్లె. ఇప్పుడు పట్టుచీరల మగ్గములకు పేరుపొందినది. ఇంటింట మగ్గపు చప్పుడే. మాతోడి స్త్రీలు చీరలు బేరమాడుచుండగా అయివారు మమ్ము ప్రక్కకు పిలిచి, “పేరు వింటిరి గదా! చెరువు తూము తీసి మళ్ళకు నీళ్ళు కట్టేవాడు నీరుగట్టువాడు. నీరుగంటి అని కూడా అంటాము. ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళో తేల్చేది అతడే. అతడి మాటకు రెడ్డియినా తలవంచాల్సిందే” అనిరి.

మూడవనాడు హార్సిలీ కొండ. సుమారు 4,100 అడుగుల ఎత్తు. కడప కలెక్టరుగా నుండిన హార్సిలీ దొర 1870లో అక్కడ వేసవి బంగళా కట్టించుకొనగా ఆయన పేరు నిలిచినది. అంతకుముందు అది ఏనుగు మల్లమ్మ కొండ; మల్లమ్మ అను బాలికను ఏనుగులు మేపి పెంచినవని కథ. కొండ ఎక్కు దారిలో పిల్లలు ఒక్కసారిగా కేక వేసిరి. బాటప్రక్క పలకపై ‘పెద్దతిప్పసముద్రం’ అని వ్రాసియున్నది. “రెండవ సముద్రము!” మరి దాని అలలేవి? చుట్టును చూడగా ఎండిన గుట్టలే. అప్పుడు గాని మాకు అయివారి లెక్క తెలియలేదు. ఈ సీమలో చెరువు త్రవ్వించినవాడు దానికి సముద్రమని పేరు పెట్టుకొనెను. రామసముద్రమని మరియొక ఊరు మదనపల్లెకు, పుంగనూరునకు చేరువనే యున్నది, అది మూడవది.

ఆ రాత్రి కొండపై మాలో మాకు తగవు వచ్చినది. చలిమంట చుట్టు కూర్చుండగా కుఱ్ఱవాండ్రు కొందరు, కుప్పములో చూచుటకేమున్నది, మదనపల్లె నుండి బెంగుళూరు మూడు గంటల దారి, రేపు అక్కడికి పోవుదమనిరి. పెద్దలలోను కొందరు తల ఊపిరి. మేమును, దాచనేల, ఊపినవారమే. అయివారు ఒక్కమాటయు పలుకలేదు. మంటలోనికి పుల్లలు త్రోయుచుండిరి. తుదకు మాలో పెద్దదైన ఒక అవ్వ, “ఆయన మనల నడిగినది ఒక్కటే గదా నాయనా” అనెను. చేతులెత్తించి లెక్కించితిమి. మూడు చేతుల తేడాతో కుప్పము నిలిచినది.

నాలుగవనాడు పుంగనూరు. ఆ ఊరి పేరు మోయు ఆవు ప్రపంచములోని మిక్కిలి పొట్టి గోజాతులలో ఒకటి. ఎత్తు 70 నుండి 90 సెంటీమీటర్లు; మా నడుము దాటదు. ఇచ్చు పాలు తక్కువ, కాని వెన్న శాతము సుమారు 8. సాధారణపు ఆవుపాలలో అందులో సగమే యుండును. కొద్దిపాటి గడ్డితో, ఎండిన బీడులో బ్రతుకగల ఆవు ఇది. అధిక పాలసంకరములు వచ్చిన తరువాత దాదాపు అంతరించు దశకు వచ్చినది. పలమనేరు పశుపరిశోధన క్షేత్రము దానిని నిలుపుటకు పూనుకొనినది. ఇప్పుడు పట్టణములవారు ముచ్చటకై ఇండ్లలో పెంచుకొనుచున్నారట. ముచ్చటయైననేమి, బ్రతికినది.

పలమనేరు దాటిన తరువాత ఒకచోట రాగిచేను కాలితో మట్టి నూరినట్లు పడియున్నది. ఏనుగులు! చాల తరములు ఈ అడవులలో ఏనుగు లేదు. 1980ల దశకములో దక్షిణమునుండి మందలు వచ్చి స్థిరపడగా, 1990లో కౌండిన్య అభయారణ్యము ఏర్పడినది. అడవిలో నీరు, మేత కరవైనప్పుడు అవి చేలమీద పడును. పంటలు పోవుటయే కాదు, మనుష్యులును పోయినారు, ఏనుగులును కరెంటు తీగెలకు చచ్చినవి. వాటిని అడవికి మళ్ళించుటకు 2025 మే నెలలో కర్ణాటకము శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను మన రాష్ట్రమునకు ఇచ్చినది. ఆ చేని రైతు మాకు రాగిసంగటి, ఊరిబిండి పెట్టించి, తన నష్టమును తక్కువచేసి చెప్పెను. అతిథులకు బాధ చెప్పరాదని కాబోలు.

శాంతిపురము దాటి కుప్పము సీమ చేరితిమి. మూడు రాష్ట్రములు కలియు మూల ఇది. ఒక్క వీథిలో తెలుగు, తమిళము, కన్నడము వినబడును. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము ఇచట నెలకొనుట అందువలననే సార్థకము. అయివారు మమ్ము మొదట పాలారునకు తీసికొనిపోయిరి. నందికొండలలో పుట్టి, 348 కిలోమీటర్లు ప్రవహించి తమిళదేశమున బంగాళాఖాతములో కలియు ఈ నది మన రాష్ట్రములో పారునది 33 కిలోమీటర్లే. పారును అని మర్యాదకు అంటిమి. మేము చూచినది ఇసుక. ఒడ్డున మేకలు కాచుకొను ముసలమ్మ, “ఏరు నిండా చూసింది నా పెండ్లినాడు” అనెను. మా పిల్లలు ఇసుకలో మోచేతిలోతు చెలమ త్రవ్విరి. చాలసేపటికి అడుగున చెమ్మ, తరువాత దోసెడు నీరు ఊరినది. దానిచుట్టు ముప్పదిమందిమి వంగి చూచితిమి. పులికాటులో మైళ్ళకొలది నీటిని చూచినప్పుడును మేమంత వంగి చూడలేదు.

అక్కడనే అయివారు తమ ఇంటి సంగతి మొదటిసారి చెప్పిరి. తమ్ములిద్దరు బావి ఎండి, బోరులు వేయించి, అవియు ఎండి, తుదకు భూమి అమ్ముకొనిరి. ఇప్పుడు తెల్లవారకముందే లేచి, రైలెక్కి బెంగుళూరుకు కూలిపనికి పోయి రాత్రికి తిరిగి వత్తురు. ఇట్లు పోవువారు ఆ ఊళ్ళలో వేలకొలది.

ఎండ వాలుచుండగా పరమసముద్రము చేరితిమి. ఇది నాలుగవది. శ్రీశైలము వద్ద కృష్ణనీటిని ఎత్తి, హంద్రీ-నీవా కాలువద్వారా, 700 కిలోమీటర్లకు పైగా నడిపించి, 2025 ఆగస్టులో ఈ చెరువులో విడిచినారు. దశాబ్దములు కాగితముపై నడచిన కాలువ. ఇంక ఎన్ని చెరువులు నిండవలసియున్నదో, ప్రతియేడును ఈ నీరు వచ్చునో రాదో అని కట్టమీద పెద్దలు తర్కించుచునే యున్నారు. కాని ఆనాడు చెరువులో నీరుండెను. అయివారు చెప్పులు విడిచి, మాకు వీపు చూపి, మెల్లగా దిగి, దోసిట నీరు తీసి తలపై చల్లుకొనిరి. చాలసేపు అట్లే నిలిచిరి. రాత్రి చేతులెత్తినప్పుడు బెంగుళూరని ఎత్తిన కుఱ్ఱవాడొకడు పోయి ఆయన ప్రక్కన కూర్చుండెను.

“అయివారూ, అలలు లేవే!” అని ఒక పాప అడిగినది. “వస్తాయి తల్లీ, గాలి రానీ” అనిరి.

ఇంతలో మా డ్రైవరు బకెట్టు తీసికొని చెరువులోనికి దిగెను. పులికాటు ఉప్పుపై నాలుగు దినముల దుమ్ము చేరి అద్దములు మసకబారియున్నవి. కట్టపైనున్న నీరుగంటి చూచి పరుగున వచ్చి, చేయి పట్టుకొని, “ఈ నీళ్ళతో బండి కడగద్దు సామీ” అనెను. గద్దింపు లేదు, బ్రతిమాలినట్లే యుండెను. డ్రైవరు బకెట్టును నింపకయే పైకి తెచ్చి బస్సులో పెట్టినాడు. ఆ అద్దములు తుడువకయే మేము గూడూరు చేరితిమి.