మెట్ల దారి, పొగ దారి
(అగ్నిమాపక సేవా వారోత్సవాల సందర్భంగా తెలుగు నివాసితుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



నిప్పు లేనిదే పొగ రాదని సామెత. సామెతలో దోషమేమీ లేదు. అయితే అగ్నిప్రమాదంలో చిక్కుకొన్నవారికి ఆ నిప్పు కంటబడాలన్న నియమం లేదు. నిప్పు కింది అంతస్తులో ఉండగానే పొగ అయిదో అంతస్తులో ప్రాణం తీయగలదు. కాలి మరణించేవారికంటే పొగ పీల్చి మరణించేవారే అధికమన్నది అగ్నిమాపక వృత్తిలో ఉన్నవారందరికీ తెలిసిన సత్యం.

బెంగళూరు పాత విమానాశ్రయ రహదారిలోని కార్ల్‌టన్ టవర్స్‌లో 2010 ఫిబ్రవరి 23న జరిగినది ఇదే. విద్యుత్ తీగలు అంతస్తు నుంచి అంతస్తుకు సాగే నిలువు డక్టులో నిప్పు పుట్టింది. దానినుండి వెలువడిన పొగ పై అంతస్తులను కమ్మివేసింది. వెలుపలికి దారి దొరకక, ఊపిరాడక, కొందరు అద్దాలు పగులగొట్టి కిందికి దూకారు. తొమ్మిది మంది మరణించారు. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులో మరొక భవనం వంతు వచ్చింది. కింద విద్యుత్ స్కూటర్ల విక్రయశాల, పైన లాడ్జి. కింద బ్యాటరీలు, వాహనాలు కాలుతూ ఉంటే ఆ పొగ మెట్ల మీదుగా పైకి పాకింది. పొరుగూళ్ల నుంచి పనిమీద వచ్చి బస చేసినవారు నిద్రలేచేసరికి దిగవలసిన మెట్లే పొగతో నిండి ఉన్నాయి. ఎనిమిది మంది మరణించారు.

ఈ రెండు సంఘటనలు అర్థం కావాలంటే పొగ నడక తెలియాలి. మండే వస్తువు, వేడి, ప్రాణవాయువు కలిసినప్పుడే నిప్పు నిలుస్తుంది. ఒకదాన్ని తొలగిస్తే ఆరిపోతుంది. ఇంతవరకు బడి పాఠమే. వేడెక్కిన పొగ తేలిక గనుక ముందు పైకప్పును చేరుతుంది, అక్కడ పరచుకొంటుంది, ఆపై పొరలు పొరలుగా కిందికి దిగుతుంది. కాబట్టి కొంతసేపటివరకు నేలకు దగ్గరగా ఉన్న గాలే పీల్చదగినది. వంగి, అవసరమైతే పాకి వెళ్లమని చెప్పడంలోని మర్మం ఇదే. పైకప్పు కింద పొగ వేడి సుమారు 600 డిగ్రీల సెల్సియస్‌కు చేరినప్పుడు గదిలోని వస్తువులన్నీ దాదాపు ఒక్కసారిగా అంటుకొంటాయి. దీన్ని ఫ్లాష్‌ఓవర్ అంటారు. ఆ తరువాత ఆ గదిలో ఎవరూ బ్రతికి ఉండరు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొంటుంది. దాని బారిన పడినవాడికి నొప్పి కంటే ముందు మతి తప్పుతుంది. తలుపు గడియ చేతికి తగిలినా తీయలేకపోతాడు.

పైకి పోయే స్వభావం గల పొగకు భవనంలో అతి సులువైన మార్గం మెట్లగది. మనుషులు దిగవలసినదీ ఆ మార్గాననే. భవన భద్రతా నియమాల్లో చాలా భాగం ఈ ఒక్క వైరుద్ధ్యం చుట్టూ అల్లుకొన్నదే. జాతీయ భవన నిర్మాణ నియమావళి 1970లో మొదట వెలువడి, 2016లో సవరింపబడింది. అందులోని నాలుగో భాగం అగ్ని నుంచి, పొగ నుంచి ప్రాణరక్షణకు సంబంధించినది. మెట్లగదిలో గ్యాస్ గొట్టాలు గాని, విద్యుత్ ప్యానెళ్లు గాని ఉండరాదని అది చెబుతుంది. తీగల డక్టును ప్రతి అంతస్తు వద్దా నిప్పు నిరోధించే పదార్థంతో మూసివేయాలంటుంది. మెట్లగది తలుపు దానంతట అదే మూసుకోవాలి. గాలి వస్తుందని ఆ తలుపుకు ఇటుక అడ్డుపెట్టి తెరచి ఉంచే అలవాటు ఎన్నో భవనాల్లో కనబడుతుంది. ఆ ఇటుక ఉన్నంతకాలం అంత ఖరీదు పెట్టి బిగించిన తలుపు లేనట్టే లెక్క.

నియమావళి స్వయంగా చట్టం కాదు. రాష్ట్ర చట్టాలు, నగరపాలక ఉపవిధులు స్వీకరించినప్పుడే దానికి బలం వస్తుంది. 15 మీటర్లు, అంతకు మించిన భవనాన్ని అది ఎత్తైన భవనంగా పరిగణిస్తుంది. కఠిన నిబంధనలు అనేకం అక్కడినుండే మొదలవుతాయి. ఉపాధి కోసం వచ్చిన తెలుగు యువత ఎక్కువగా దిగే పేయింగ్ గెస్ట్ వసతి గృహాలు, నాలుగంతస్తుల అద్దె ఇళ్లు తరచు ఆ గీతకు కాస్త దిగువనే ఆగిపోతాయి. తనిఖీ అధికారి ఆ మెట్లు ఎక్కే సందర్భాలు అరుదు. ఎక్కితే ఆయన మొదట చూసేది గోడకు వేలాడే ఎర్రటి సిలిండరును కాదు, మెట్లను. కింద వరుసగా నిలిపిన ద్విచక్ర వాహనాలు, వాటిలో రాత్రంతా చార్జింగులో ఉన్న విద్యుత్ స్కూటరు, మలుపులో పేర్చిన పాత పరుపులు, డాబా తలుపుకు తాళం, రాత్రి పదింటికి వేసే ఇనుప గ్రిల్లు. దొంగల భయంతో వేసిన తాళమది. తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నదో లోపల నిద్రించే నలభై మందిలో ఎందరికి తెలుసు? దీనికి అధికారి రానక్కరలేదు. ఈ రాత్రే యజమానిని అడగవచ్చు.

నియమావళిలో నిర్గమ మార్గమంటే తలుపు ఒక్కటే కాదు, గది గడప నుంచి వీధి దాకా సాగే మొత్తం దారి. పరభాషా నగరంలో ఆ దారి సూచించే పలకను గుర్తించడమూ అవసరమే. కన్నడంలో ‘తుర్తు నిర్గమన’, తమిళంలో ‘అవసర వళి’, మరాఠీలో ‘ఆపత్కాలీన మార్గ’ అని ఉంటుంది. లిపి రాకున్నా, పచ్చని పలక మీద పరుగెత్తే మనిషి బొమ్మను పోల్చుకోవచ్చు.

వంటగది గురించి క్లుప్తంగా. సిలిండరులోని గ్యాస్ గాలి కంటే బరువైనది, నేలమీద నిలుస్తుంది. వాసన వస్తే స్విచ్చు వేయరాదు, తీయరాదు. కిటికీలు, తలుపులు తెరచి, రెగ్యులేటరు కట్టివేయాలి. మూకుడులో నూనె అంటుకొంటే నీళ్లు పోయరాదు, పొయ్యి ఆర్పి మూత పెట్టాలి.

మెట్ల నిండా పొగ ఉంటే అందులోకి దిగకూడదు. గది తలుపు మూసి, కింది సందులో తడిగుడ్డ దూర్చి, కిటికీ వద్ద నిలబడి, 101కి గాని 112కి గాని ఫోను చేయాలి. అప్పుడు అవతలివారు మొదట అడిగేది చిరునామా. అద్దెకు దిగి ఏడాదైనా వీధి పేరు, క్రాసు సంఖ్య తడుముకొనేవారు ఎందరో ఉన్నారు. భవనం పేరు, అంతస్తు, దగ్గరి ఆనవాలు స్థానిక భాష ఉచ్చారణలోనే, తెలుగు అక్షరాలలో ఒక కాగితం మీద రాసి తలుపు వెనుక అంటించుకొంటే, కంగారులో ఉన్న మనిషి అది చూసి చదివేయగలడు.