బిళ్ళ మనది, బిల్లు ఎవరిది?

(2023-24 వార్షిక మహాసభలో సమాఖ్య తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి వసూళ్ళ లెక్కలు ఇంతకుముందే చదివి వినిపించారు. మేము మాట్లాడబోయేది ఆ రిజిస్టర్లలో కనపడని సొమ్ము గురించి. పత్తి అమ్మిన పైసలు, పాల పైసలు, బొంబాయికీ పూనాకూ వలస పోయి తెచ్చిన కూలి పైసలు ఖర్చులన్నీ పోను నాలుగు మిగిలితే మనం ఏం చేస్తాం? బంగారం కొంటాం. బిడ్డ పెళ్ళికనో, ఆపదకనో, ఇంట్లో తాగేటోళ్ళ చేతికి చిక్కొద్దనో కొంటాం.

ఈ మధ్య చాలామంది నగకు బదులు బంగారు బిళ్ళ కొంటున్నారు. ఇది కొత్త ఆలోచన ఏం కాదు. మన అవ్వల మెడలో కాసులపేరు అంటే బిళ్ళల దండే కదా. నగకైతే తరుగు, మజూరి అని ధరలో కొంత పోతుంది. బిళ్ళకు అంత పోదు. గ్రాము, రెండు గ్రాములు అని కొద్దికొద్దిగా కూడబెట్టుకోవచ్చు. 2022 డిసెంబరులో హైదరాబాద్ బేగంపేటలో గోల్డ్‌సిక్కా అనే సంస్థ ఏటీఎం లాంటి యంత్రమే పెట్టింది. కార్డు పెడితే అర గ్రాము నుంచి 100 గ్రాముల దాకా బిళ్ళలు వస్తాయి.

యంత్రం ముందు సంగతి ఎట్లున్నా, దుకాణం ముందు మన సంగతి వేరేగా ఉంది. ఈ ఏడు మిర్యాలగూడ నుంచి నారాయణపేట దాకా ఏ ఊరి సభ్యులతో మాట్లాడినా ఒకే మాట విన్నాం. "బిళ్ళ కొందామని పోతే ఆధార్ అడిగిండ్రు, పాన్ అడిగిండ్రు, ఫోనుకు ఓటీపీ వస్తది చెప్పమన్నరు. లేదంటే మీ ఆయనను తోల్కరాపో అన్నరు." కష్టం చేసింది మనం, పైసలు మన కొంగులో ఉన్నాయి. అయినా దొంగను నిలబెట్టినట్టు నిలబెట్టి అడుగుతారు. ఇది అందరికీ బాధ కలిగించిన మాట. అయితే బాధపడి ఊరుకుంటే లాభం లేదు. ఏ కాగితం ఎప్పుడు అడగాలి, ఎందుకు అడుగుతారు అన్నది మనకే తెలిసి ఉండాలి.

ప్రభుత్వం బంగారం మీద కన్నేయడం ఇవాళ మొదలైంది కాదు. 1963 జనవరిలో 14 క్యారెట్లు దాటిన నగ కొత్తగా చేయొద్దని నిబంధన పెట్టారు. 1968లో బంగారు నియంత్రణ చట్టం వచ్చింది. కడ్డీ బంగారం ఇంట్లో ఉంచుకోవడమే నేరమైంది. అవుసలోళ్ళ కుటుంబాలు ఎన్నో పని లేక చితికిపోయాయి. ఆ చట్టాన్ని 1990లో ఎత్తేశారు. అప్పటి భయం పోయినా, బంగారం కొంటే సర్కారుకు తెలుస్తుందేమో అన్న గుబులు మన ఇండ్లలో ఇంకా ఉంది.

ఇప్పుడున్న నిబంధనలు మూడు మాటల్లో చెబుతాం.

మొదటిది పాన్. 2016 జనవరి 1 నుంచి ఒకే కొనుగోలు రెండు లక్షల రూపాయలు దాటితే పాన్ ఇవ్వాలి. నగదు ఇచ్చినా, ఫోన్‌పే కొట్టినా, చెక్కు రాసినా అంతే.  పాన్ లేనివాళ్ళు దానికి బదులు ఫారం రాసి ఇవ్వొచ్చు. ఈ ముక్క దుకాణంలో ఎవరూ చెప్పరు, మనమే అడగాలి.

రెండోది నగదు. 2017 ఏప్రిల్ 1 నుంచి ఒక మనిషి దగ్గర ఒక రోజులో రెండు లక్షలు గానీ అంతకుమించి గానీ నగదు తీసుకోవడానికి వీల్లేదు. తప్పితే జరిమానా తీసుకున్నవాళ్ళకే పడుతుంది. అందుకే దుకాణదారు జంకుతాడు. "నాలుగు బిల్లులు చేద్దాం, అక్క పేరున ఒకటి, చెల్లె పేరున ఒకటి" అంటాడు. ఒప్పుకోకండి. ఒక రోజు మీరిచ్చిన నగదంతా కలిపే లెక్క చూస్తారు. పైగా మన బంగారం నాలుగు పేర్ల మీదకు చెదిరిపోతుంది.

మూడోది ఆ రెండు లక్షల లోపు సంగతి. 2017 ఆగస్టు 23న నగల వ్యాపారులను మనీలాండరింగ్ చట్టం కిందికి తెచ్చి, యాభై వేలు దాటితే గుర్తింపు తీసుకోవాలన్నారు. గొడవ అయ్యి అక్టోబరు 6న ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకున్నారు. కొన్ని దుకాణాల్లో ఇప్పటికీ ఆ యాభై వేల మాటే నడుస్తోంది. 2020 డిసెంబరులో మళ్ళీ ఉత్తర్వు వచ్చింది. అది పది లక్షలు, ఆపైన నగదు వ్యవహారాలకు సంబంధించినది. రెండు లక్షల లోపు కొనేవాళ్ళకు పాన్, ఆధార్ కొత్తగా తప్పనిసరి చేయలేదని 2021 జనవరిలో ఆర్థిక శాఖే వివరణ ఇచ్చింది. అంటే రెండు గ్రాముల బిళ్ళకు ఆధార్ అడిగితే అది ఆ దుకాణం పెట్టుకున్న పద్ధతి. ఇష్టమైతే ఇస్తాం, లేదంటే పక్క దుకాణానికి పోతాం.

ఇవ్వాల్సి వచ్చినా జాగ్రత్తగా ఇవ్వాలి. మొదటి ఎనిమిది అంకెలు దాచి, చివరి నాలుగే కనపడే ఆధార్ ప్రతి ఉంటుంది. మీసేవలో అడిగి తీసుకోండి. జిరాక్సు మీద "బంగారం కొన్నందుకు" అని, తేదీ వేసి సంతకం పెట్టండి. ఓటీపీ చెప్పొద్దు. వేలిముద్ర యంత్రం మీద వేలు అసలే పెట్టొద్దు. వేలిముద్రతో బ్యాంకు ఖాతాలోంచి పైసలు తీసే పద్ధతి కూడా ఉందని మనకు తెలుసు.

ఇక అసలు మాటకు వస్తున్నాం. ఈ కాగితాల చిరాకులో పడి మనం చేజార్చుకుంటున్నది ఒకటుంది. పాన్ లేదని భర్త పాన్ రాయిస్తున్నాం. ఫోను లేదని కొడుకు నంబరు ఇస్తున్నాం. లేకుంటే "బిల్లు లేకుండా తీసుకోండి, మూడు శాతం జీఎస్టీ మిగులుతుంది" అంటే సరే అంటున్నాం. వేలు మిగిలినట్టే ఉంటుంది. రేపు ఇంట్లో పంచాయితీ పడితే?

దేవరకొండ వైపు ఒక సభ్యురాలి సంగతి చెబుతాం, పేరు అక్కర్లేదు. పన్నెండేళ్ళు పాలు పోసి, దఫదఫాలుగా బిళ్ళలు కొన్నది. బిల్లులన్నీ పెనిమిటి పేరు మీదనే. ఆయన కాలం చేసిన తర్వాత మరుదులు వచ్చి, మా అన్న సంపాదించిన బంగారంలో మాకూ పాలు ఉన్నదన్నారు. పాలకేంద్రం చీటీలు, పొదుపు పాసుపుస్తకం తెచ్చి చూపితే తప్ప ఊరి పెద్దలు నమ్మలేదు. ఆమె పేరు మీద ఒక్క బిల్లు ఉన్నా ఆ పంచాయితీ గడప దాటకపోయేది.

చట్టం మన వైపే ఉంది. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం హిందూ స్త్రీ సంపాదించుకున్న ఆస్తి పూర్తిగా ఆమెదే. స్త్రీధనం మీద హక్కు భార్యదేనని 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ చట్టం ముందు నిలబడి "ఇది నాది" అనాలంటే చేతిలో కాగితం ఉండాలి. దుకాణంలో మనల్ని విసిగించే ఆ కాగితమే రేపు మన పక్కన నిలబడేది.

బంగారం ఉంటే ఇన్‌కంటాక్సోళ్ళు వస్తారని కొందరు భయపడుతున్నారు. 1994 మే 11 నాటి ఆదేశం ఒకటుంది. సోదా జరిగినా పెళ్ళయిన స్త్రీ దగ్గర 500 గ్రాములు, పెళ్ళికాని అమ్మాయి దగ్గర 250 గ్రాముల నగల దాకా జప్తు చేయొద్దని అందులో ఉంది. మన మెడలో ఉన్నది అందులో ఎన్నో వంతు? పాన్ తీసుకున్నంత మాత్రాన పన్ను కూడా పడదు. ఆదాయం ఉంటేనే పన్ను.

కొనే ముందు ఇంకో రెండు సంగతులు. ఆపదకు కుదువ పెడదామని బిళ్ళ కొనేవాళ్ళు జాగ్రత్త. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం బ్యాంకులు నగల మీద అప్పు ఇస్తాయి. బిళ్ళల మీదైతే 2023-24లో బ్యాంకులు అమ్మిన ప్రత్యేక బిళ్ళల మీదనే ఇచ్చేవి, అదీ మనిషికి 50 గ్రాముల దాకానే. బజార్లో కొన్న బిళ్ళ పట్టుకుపోతే తిరిగి రావాల్సి వచ్చేది. మళ్ళీ బ్యాంకు తాను అమ్మిన బిళ్ళను వెనక్కి కొనదు. కాబట్టి కుదువకు అక్కరపడుతుందనుకుంటే నగ మేలు. ఎన్నేండ్లయినా ముట్టం, బిడ్డ పెళ్ళికి కరిగించి నగ చేయిస్తాం అనుకుంటే బిళ్ళ మేలు.

రెండోది మేలిమి. నగల మీద బీఐఎస్ గుర్తు, 22కె916 లాంటి మేలిమి అంకె, ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ ఆరక్షరాలు లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మడానికి వీల్లేదు. ఫోనులో బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. బిళ్ళలకు మాత్రం ఈ తప్పనిసరి వర్తించదు. అందుకే 999 అంకె, బీఐఎస్ గుర్తు రెండూ ఉన్న బిళ్ళే కావాలని అడగండి. 2015 నవంబరులో కేంద్రం తెచ్చిన ఇండియన్ గోల్డ్ కాయిన్ మీద ఒక వైపు అశోకచక్రం, ఇంకో వైపు గాంధీ బొమ్మ ఉంటాయి, దానికి హాల్‌మార్క్ కూడా ఉంటుంది. పొలంలో దొరికిన పాత నాణేలని, గుప్తనిధి అని, సగం ధరకు ఇస్తామని వచ్చేవాళ్ళను గడప తొక్కనీయకండి. నిజంగా దొరికినదైతే కలెక్టరుకు చెప్పాల్సిన సొమ్ము అది, అమ్మే సొమ్ము కాదు.

మన గ్రూపు ఖాతా తెరిచిన రోజులు గుర్తు చేసుకోండి. అందరి కాగితాలూ తెమ్మని బ్యాంకుల చుట్టూ తిప్పించుకున్నారు. తర్వాత రిజర్వు బ్యాంకు నిబంధన సడలించింది. పొదుపు ఖాతా తెరవడానికి ఆఫీసు బేరర్ల గుర్తింపు చాలన్నది. పేదోళ్ళకు తగ్గట్టు నిబంధన మారుతుంది. కానీ నిబంధన ఏమిటో తెలిసి నలుగురు కలిసి అడిగినప్పుడే మారుతుంది.

అందుకని ఈ మహాసభ ముందు నాలుగు తీర్మానాలు పెడుతున్నాం. ఒకటి, రాబోయే ఆరు నెలల్లో ప్రతి గ్రామ సంఘం పాన్ లేని సభ్యుల జాబితా రాయాలి. ఆధార్‌కు ఫోను నంబరు, పూర్తి పుట్టిన తేదీ ఉన్నవాళ్ళకు ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైటులో ఈ-పాన్ ఉచితంగానే వస్తుంది. వీవోఏలు చేసిపెట్టాలి, దానికి ఎవరూ రూపాయి తీసుకోవద్దు. రెండు, ఆధార్‌లో పుట్టింటి పేరు, బ్యాంకులో అత్తింటి పేరు ఉన్నవాళ్ళు, ఏడాది తప్ప పుట్టిన తేదీ లేనివాళ్ళు ముందు అవి సరి చేయించుకోవాలి. పాన్ ఉండి 2023 జూన్ 30 లోపు ఆధార్‌తో కలపనివాళ్ళది పనిచేయదు, వెయ్యి రూపాయలు కట్టి కలిపించుకోవాలి. మూడు, కల్యాణలక్ష్మి చెక్కు తల్లి పేరు మీదనే వస్తుంది కాబట్టి ఆ పైసలతో కొన్న బంగారం బిల్లు కూడా ఆ తల్లి పేరునో, బిడ్డ పేరునో ఉండాలి. నాలుగు, బంగారం కొనడానికి ఒక్కరే పోవద్దు, గ్రూపులో ఇద్దరు ముగ్గురు కలిసి పోవాలి.

బిల్లు మీద పేరు, బరువు, మేలిమి, మజూరి, జీఎస్టీ విడివిడిగా రాయించుకోండి. దాన్ని జిరాక్సు తీయించి పొదుపు పాసుపుస్తకంలో పెట్టుకోండి. ఆ రసీదు అక్షరాలు రెండేళ్ళలో వెలిసిపోతాయి. ఆరు నెలలకు జరిగే గ్రామ సంఘం సమావేశంలో ఎంతమంది పేరు మీద బిల్లులు వచ్చాయో లెక్క అడుగుతాం. వచ్చే ఏడు నివేదికలో ఆ లెక్క కూడా అచ్చు వేద్దాం.