ఆపరేషను అనంతరము కంటి తెర వాపు

(దుబ్బాక పరిసర గ్రామముల పంచాయతీ సభ్యులకు చేసిన ప్రసంగ పాఠము)



మధుమేహము వలన కంటిలో నెత్తురు దిగి, పట్నమునకు పోయి కంటి తెరకు ఆపరేషను చేయించుకొని వచ్చినవారు మన గ్రామములలో కలరు. కొందరికి కొన్ని వారములకో, నెలలకో చూపు మరల మసకబారును. “ఆపరేషను చెడిపోయినది, ఇక ఆ కన్ను పోయినట్లే” యని ఇంటిల్లిపాదియు తీర్మానించుకొని డాక్టరు వద్దకు పోవుట మానుదురు. ఈ తొందరపాటు తీర్మానమును గురించియే నేడు మీతో ముచ్చటింపదలచితిని.

కంటి లోపల వెనుకవైపున పలుచని తెర యున్నది. దానిని రెటీనా యందురు. దాని నడిమి చోటు మాక్యులా. అక్షరము చదువుటకు, సూదిలో దారమెక్కించుటకు, ఎదుటి ముఖము పోల్చుకొనుటకు ఆ చిన్న చోటే ఆధారము. రక్తములో చక్కెర ఏండ్ల తరబడి మిక్కుటముగా నున్నచో అచ్చటి సన్నని రక్తనాళములు దెబ్బతిని, వాటినుండి నీరు ఊరి మాక్యులా ఉబ్బును. చెరువుకట్ట బలహీనపడిన కొలది క్రింది పొలము ఊటకెక్కుట మీరెరుగనిది కాదు. ఆపరేషను నెత్తురును తొలగించును, ఊడిన తెరను యథాస్థానమున నిలుపును. కాని రక్తనాళముల జబ్బును మాన్పదు. పైగా ఆపరేషను వలన కలిగిన తాపము కొంతకాలము వాపును పెంచవచ్చును. ఏ కారణము చేతనైనను, మసక కనిపించినంత మాత్రమున ఆపరేషను వృథా యైనదని కాదు.

దుబ్బాక చేనేతకు పేరుగన్న ఊరు. మగ్గము ముందు కూర్చున్నవానికి తిన్నని పడుగు పోగులు నడుమ వంకరగా కనిపించినచో అది వాపునకు గుర్తు కావచ్చును. నొప్పి యుండదు, ఎరుపు ఉండదు; మోసమంతయు అందే యున్నది. రెండు కండ్లతో చూచినచో మంచి కన్ను రెండవదాని లోపమును కప్పివేయును గనుక, ఒక్కొక్క కంటిని మూసి చూచుకొనవలెను.

2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూరులో ప్రారంభమైన కంటి వెలుగు శిబిరములలోను, 2023 నాటి రెండవ విడతలోను అనేకులకు అద్దములు లభించినవి. మేలే జరిగినది. అయితే అద్దము ఈ వాపును తగ్గింపజాలదు.

దీనికి వైద్యము వేరు. ఓ.సి.టి. అను స్కానింగుతో కోత లేకుండ, నిమిషములలో వాపును కొలుతురు. పిమ్మట తిమ్మిరి చుక్కలు వేసి, బెవాసిజుమాబ్, రానిబిజుమాబ్, అఫ్లిబర్సెప్ట్ వంటి మందులలో నొకదానిని కంటిలోనికి ఇంజెక్షనుగా ఇత్తురు. ఒక్కదానితో ముగియదు, మొదట నెలకొకటి చొప్పున కొన్ని కావలసియుండును. ఆపరేషనులో కంటిలోని జిగురు పదార్థమును తీసివేసినచో మందు త్వరగా హరించిపోవచ్చును. అట్టివారికి కొన్నిసార్లు నెమ్మదిగా కరిగెడి డెక్సామెథసోన్ అను స్టెరాయిడు మందును సన్నని పుల్లవలె లోపల నుంచుదురు. అది కంటి ఒత్తిడిని పెంచవచ్చును గనుక ఒత్తిడి పరీక్ష తప్పనిసరి. ఇంజెక్షను పిదప నొప్పి, ఎరుపు హెచ్చి చూపు తగ్గినచో తెల్లవారువరకు ఆగరాదు.

వాపు దీర్ఘకాలము నిలిచిన తెర తిరిగి కోలుకొనక పోవచ్చును. కావున ఆశా కార్యకర్త సాయముతో మీ వార్డులో మధుమేహులెవరో, వారిలో కంటి ఆపరేషను జరిగినవారెవరో తెలిసికొనుడు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో చక్కెరను, రక్తపు పోటును చూపించుడు. తోడు లేని వృద్ధులకు తోడు నేర్పరచుడు. బస్సు ఛార్జీ లేకయే ఆగిపోవువారు కూడ కలరు. ఆపరేషను చేసిన చోటికి పోవుట మేలు. కుదరనిచో హైదరాబాదు మెహిదీపట్నమున ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి యున్నది. పోవునపుడు పాత డిశ్చార్జి కాగితములు, వాడుచున్న మందుల చీటీలు వెంట నుండవలెను.