ఓడిన పార్టీ ఎందుకు ఓడింది? – ఆనందపురం సభలో చేసిన ప్రసంగ పాఠం



నిర్వాహకులు మాకు అప్పగించిన విషయం ప్రతిపక్షాల ఎన్నికల ప్రచారం. అధికార పక్షం ఎందుకు గెలిచిందో చెప్పేవారు చాలామంది ఉన్నారు. ప్రతిపక్షం చేజేతులా ఎలా ఓడిపోతుందో, ఆ నష్టం చివరికి ఎవరి పద్దులో పడుతుందో మనవంటివారు మాట్లాడుకోవాలి. ఓడిన నాయకుడు అయిదేళ్లకు మళ్లీ వస్తాడు, లేదా గెలిచిన పార్టీలోకే వెళ్లిపోతాడు. అతణ్ణి నమ్మిన బస్తీకి ఆ అయిదేళ్లూ తిరిగి రావు.

ముందుగా మన ఇంటి సంగతి. ఆనందపురం భీమిలి శాసనసభ నియోజకవర్గంలోనిది, విశాఖపట్నం లోక్‌సభ స్థానంలోనిది. 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ తన గౌరవాధ్యక్షురాలు విజయమ్మ గారిని ఇక్కడ నిలిపింది. తెలుగుదేశం పొత్తుతో భాజపా అభ్యర్థిగా కంభంపాటి హరిబాబు గారు నిలిచారు. పులివెందుల నుంచి అభ్యర్థితోపాటు అక్కడి ముఠా తగాదాలు కూడా వస్తాయన్న గుసగుస నగరమంతా పాకింది. నిజానికి హరిబాబు గారిదీ ఈ జిల్లా కాదు, ప్రకాశం జిల్లా. అయితే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పి, ఇక్కడి శాసనసభ్యులుగా కూడా పనిచేసినందున ఆయనను ఎవరూ పరాయివాడనలేదు. గుసగుసకు జవాబు గడపగడపకూ వెళ్లి చెప్పాలి. ఆ పార్టీ మాత్రం దివంగత నేత పేరు ఒక్కటే చాలుననుకున్నది. తొంభై వేల ఓట్లకు పైగా తేడాతో ఓడింది. రాష్ట్రంలోనూ రైతు రుణమాఫీ సాధ్యం కాదని చెప్పింది. అది నిజాయితీ గల మాటే కావచ్చు. కాని మాఫీకి బదులు రైతుకు ఏమి ఇస్తామన్నది అంతే బిగ్గరగా చెప్పలేదు. 67 స్థానాల దగ్గర ఆగిపోయింది.

ఇంతకంటే పెద్ద పాఠం 2018 తెలంగాణ ఎన్నిక. సెప్టెంబరు 6న కేసీఆర్ గారు శాసనసభను రద్దు చేశారు. అదే రోజున 105 మంది అభ్యర్థులను ప్రకటించారు. కాంగ్రెస్, తెలుగుదేశం, తెలంగాణ జన సమితి, సీపీఐ కలిసి కూటమి కట్టాయి. కాని సీట్ల బేరం నవంబరులో నామినేషన్ల గడువు మీదికి వచ్చేదాకా తెగలేదు. ఎదుటి అభ్యర్థి రెండు నెలలుగా ఊరూరా తిరుగుతుంటే, కూటమి ఆశావహులు ఢిల్లీలోను, హైదరాబాదు పార్టీ కార్యాలయాల మెట్ల మీదను పడిగాపులు కాశారు.

దానికి తోడు ప్రచారం చంద్రబాబు గారి చుట్టూ తిరిగింది. కేసీఆర్ గారికి కావలసింది అదే. నాలుగేళ్ల పాలన మీద ప్రజలు అడగవలసిన లెక్క పక్కకు పోయి, హైదరాబాదు పెత్తనమా, అమరావతి పెత్తనమా అన్నదే ప్రశ్నగా మారింది. పాలమూరు–రంగారెడ్డి పథకానికి అభ్యంతరం చెబుతూ ఆంధ్ర ప్రభుత్వం కేంద్రానికి రాసిన లేఖలను ఆయన సభల్లో గుర్తుచేశారు. కూటమి దగ్గర దానికి జవాబు లేదు. ఫలితం తెలిసిందే: తెరాసకు 88, కాంగ్రెస్‌కు 19, తెలుగుదేశానికి 2.

పొత్తే తప్పు అనేవారితో మేము ఏకీభవించము. ఉమ్మడి ఖమ్మం జిల్లాలోని పది స్థానాల్లో తెరాసకు దక్కింది ఒక్కటే. అక్కడ తెలుగుదేశానికి నిజంగా వేళ్లున్నాయి కాబట్టి పొత్తు పండింది. ఖమ్మానికి సరిపోయిన మందును రాష్ట్రమంతటికీ పోయడమే తెలివితక్కువ పని.

ఇందులో మన సంగతి ఎక్కడ ఉన్నది? 2014లో కేసీఆర్ గారు ముస్లింలకు 12 శాతం రిజర్వేషన్ వాగ్దానం చేశారు. 2017 ఏప్రిల్‌లో శాసనసభ బిల్లు ఆమోదించింది. అది కేంద్రానికి వెళ్లి అక్కడే ఉండిపోయింది. ఏ ప్రతిపక్షానికైనా ఇంతకంటే మంచి ప్రశ్న దొరకదు. కాంగ్రెస్ ఆ ప్రశ్న అసలు ఎత్తలేదని మేము అనడం లేదు. ఎత్తినా, అమరావతి గొడవలో అది ఎవరి చెవినా పడలేదు. మరోవైపు షాదీ ముబారక్ సాయం 51,000 రూపాయలతో మొదలై 1,00,116 దాకా పెరిగింది. 204 మైనారిటీ గురుకులాలు వెలిశాయి. ఆడపిల్ల పెళ్లికి సొమ్ము అందుకున్న తల్లి దగ్గరకు వెళ్లి ‘మతతత్వం వస్తుంది, మాకు ఓటు వేయండి’ అంటే ఆమె ఎందుకు వింటుంది? ఆమెకు అందినదానిని ఒప్పుకొని, అందనిదాని గురించి అడగాలి. మనలను భయపెట్టడమే ప్రచారం అనుకునే పార్టీలు ఈ తేడాను ఇప్పటికీ గ్రహించలేదు. ఇఫ్తార్ విందులో టోపీ పెట్టుకొని ఫోటో దిగితే మన ఓట్లు పెట్టెలో పడినట్టేనని వారి లెక్క.

గెలిచిన కొద్దిమందైనా ప్రతిపక్షంలో నిలిచారా? 2019 జూన్‌లో 12 మంది కాంగ్రెస్ శాసనసభ్యులు తెరాసలో కలిసిపోయారు. ఖమ్మంలో గెలిచిన ఇద్దరు తెలుగుదేశం సభ్యులూ అదే దారి పట్టారు. 2023లో తెలుగుదేశం పోటీకి దూరంగా ఉన్నది, కాంగ్రెస్ ఆరు గ్యారంటీలను ముందు పెట్టి 64 స్థానాలు గెలిచింది. అయినా ఆ 64 మందిలో ఒక్క ముస్లిం లేడు. షబ్బీర్ అలీ గారు నిజామాబాదు అర్బన్‌లోను, అజారుద్దీన్ గారు జూబ్లీహిల్స్‌లోను ఓడారు. వ్యూహం బాగుపడినంత మాత్రాన మనకు వాటా దానంతటదే రాదు.

మరొక్క సంగతి. 2018 డిసెంబరు 7న పోలింగ్ కేంద్రాలకు వెళ్లిన ఎంతోమంది తమ పేర్లు జాబితాలో లేవని తెలిసి వెనుదిరిగారు. ఎన్నికల ప్రధానాధికారి క్షమాపణ చెప్పారు. సవరణకు గడువున్న రోజుల్లో జాబితా పట్టుకొని వీధుల్లో తిరగవలసిన ప్రతిపక్షం అప్పుడు సీట్ల లెక్కల్లో మునిగి ఉన్నది.

కనుక ఆ పని పార్టీలకు వదిలిపెట్టవద్దని మా మనవి. ముసాయిదా జాబితా రాగానే మసీదు కమిటీ వారు వీధుల వారీగా చదివి వినిపించాలి. మన పేర్లతో ఒక చిక్కు ఉన్నది: ఒకచోట షేక్, మరొకచోట షైక్, ఆధార్‌లో బేగం, జాబితాలో బీబీ. పెళ్లయి వచ్చిన కోడళ్ల పేర్లు పుట్టింట్లోనే ఉండిపోతాయి. కొత్త పేరుకు ఫారం 6, తప్పుల సవరణకు, చిరునామా మార్పుకు ఫారం 8. మేము గుమాస్తాగిరీలో ఇటువంటి కాగితాలతోనే గడిపినవాళ్లం. నింపించుకోదలచినవారు జుమా నమాజు తరువాత మా వద్దకు రావచ్చు.