వాడు వినడా, వాడికి వినపడదా?



మన కాట్రేనికోన పేటల్లో ఇలాంటి పిల్లాణ్ని మీరంతా చూసే ఉంటారు. వెనక నుంచి పిలిస్తే పలకడు. చెప్పిన పని సగంలో వదిలేస్తాడు. "మొండోడు, మాట వినడు" అని రెండు తగిలిస్తాం. బడిలో చివరి బెంచీ, ఆఖరికి బడే మానేస్తాడు. వాడికి అసలు వినపడుతోందా అని మనం ఎప్పుడన్నా చూశామా?

వినికిడి పోవడానికి కారణాలు చాలా ఉన్నాయి. మేనరికం ఉంది, పసితనపు జబ్బులున్నాయి. మనం పైకి మాట్లాడనిది మాత్రం ఒకటే: తల్లి కడుపుతో ఉన్నప్పుడు తాగిన మందు. అది మాయ గుండా బిడ్డ రక్తంలోకి పోతుంది. దాన్ని అరిగించుకునే శక్తి ఆ పసి కాలేయానికి ఉండదు. ఇలా దెబ్బతిన్న పిల్లల లక్షణాలకు 1973లో అమెరికాలోని సియాటిల్ డాక్టర్లు జోన్స్, స్మిత్ ఒక పేరు పెట్టారు. 1988లో అచ్చయిన ఒక పరిశీలనలో అలాంటి పిల్లలు 14 మంది ఉంటే, 13 మందికి చెవిలో మాటిమాటికీ నీరు చేరుతోంది. నలుగురికి వినికిడి నరం వైపే లోపం. చిన్న లెక్కే, కానీ చూడండి! ఇంకొందరికి శబ్దం వినపడుతుంది, మెదడు దాన్ని మాటగా పట్టుకోలేదు. సందడిలో మరీ కష్టం.

"కల్లు మందేంటిరా, బలం" అంటారు మన అమ్మమ్మలు. దింపిన కొద్ది గంటల్లోనే కల్లు పులుస్తుంది. పులిశాక అందులో మత్తెక్కించేదీ సారాలోదీ ఒకటే. మన పండగల్లో కల్లుకు చోటుంది, దాన్ని నేను తప్పుపట్టను. కడుపుతో ఉన్నామెకు మాత్రం చుక్క కూడా వద్దు. ఇంతవరకు ఫర్వాలేదు అనే కొలత ఏ డాక్టరూ చెప్పలేరు. తెలియక తాగినామె ఈరోజు మానేసినా బిడ్డకు మేలే. ఆమెను తిట్టకండి. తమ్ముళ్లూ, ఇంటికి సీసా తెచ్చేది ఎవరు?

చెవిలో నీరు చేరడం నయమయ్యేదే. నూనె, పసరు పోయకండి. 2013 నుంచి ఆర్‌బీఎస్‌కే పథకం ఉంది. దాని వైద్య బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడికి ఒకసారి రావాలి. ఆ రోజు పిల్లల్ని వేటకీ కూలికీ తీసుకుపోకండి. ఆ పిల్లాడితో మాట్లాడేటప్పుడు మీ ముఖం కనపడేలా ఎదురుగా నిలబడండి, ఒకసారికి ఒక్క పనే చెప్పండి. మేష్టారిని అడిగి ముందు బెంచీలో కూర్చోబెట్టించండి.

ఈ రాత్రి ఇంటికెళ్లి, వాడి వెనక నిలబడి మెల్లగా పేరు పెట్టి పిలవండి. తిరగకపోతే రేపు పొద్దున్నే ఆశా అక్కకు చెప్పండి.